మేక కడుపు పండాలంటే...

‘‘ఏంటి వదినా, మళ్ళీ అరుస్తోంది మీ మేక? మొన్నేగా పోతు దగ్గరికి తోలుకెళ్ళావు!’’

‘‘మొన్నేం మొన్న... సరిగ్గా మూడు వారాలైంది. మళ్ళీ తోక ఊపుతోంది. పొద్దున పాలు కూడా సగమే ఇచ్చింది. ఆ పోతులోనే ఏదో లోపం ఉన్నట్టుంది.’’

మేకలున్న ఏ వాడలోనైనా వినపడే మాటలే ఇవి. మూడు వారాలంటే 21 రోజులు. మేకకు ఒక ఎదకూ మరో ఎదకూ మధ్య ప్రకృతి పెట్టిన గడువు అది. పోతుతో కట్టించిన మేక ఆ గడువు నాటికి మళ్ళీ అరిచిందంటే చూలు నిలవలేదన్నమాట. నింద మాత్రం ఎప్పుడూ పోతు మీదికే పోతుంది. కాదంటే మేక జాతకం మీదికి. గంపలో వేసిన మేత మీదికి ఎవరి చూపూ పోదు. చాలాసార్లు పోవాల్సింది అక్కడికే!

నాలుగు మేకలున్న ఇంట్లో లెక్క చాలా సూటిగా ఉంటుంది. మేక చూలు మోసేది అయిదు నెలలు, అంటే అటూఇటుగా 150 రోజులు. అన్నీ కలిసొస్తే రెండేళ్ళలో మూడు ఈతలు. ఈనితేనే పాలు, ఈనితేనే అమ్ముకోవడానికి పిల్లలు. ఒక్క ఎద తప్పితే మూడు వారాల మేత దండగ. రెండు మూడు తప్పాయంటే ఆ ఏడు పిల్లాడి పుస్తకాలకో, ఇంటి కప్పుకో అనుకున్న డబ్బు చేతికి రానట్టే. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న మేకలు 14.88 కోట్లు. వాటిలో ఎక్కువ భాగం సెంటు భూమి లేనివాళ్ళవీ, ఎకరా రెండెకరాల రైతులవే. మేకపాల ఉత్పత్తిలో ప్రపంచంలో మనదే మొదటి స్థానమని గొప్పగా చెప్పుకుంటాం కానీ, ఆ పాలు పెద్ద పెద్ద డెయిరీల నుంచి వచ్చేవి కావు. ఇలాంటి నాలుగేసి మేకల నుంచి వచ్చేవే.

ఈ కథలో అసలు పాత్రధారి పేరు నత్రజని. ఆ పేరు వినగానే పొలం, యూరియా బస్తా గుర్తొస్తాయి. మేక కడుపులో పిండం నిలవడానికీ దానికీ ఏం సంబంధం అనిపిస్తుంది. సంబంధం ఉంది. అదీ రెండువైపులా పదునున్న సంబంధం.

కడుపులో ఓ కార్ఖానా

మాంసకృత్తులన్నింటిలోనూ నత్రజని ఉంటుంది, సుమారుగా నూటికి పదహారు పాళ్ళు. మనుషులం దాన్ని పప్పులోంచో పాలలోంచో గుడ్డులోంచో తెచ్చుకోవాల్సిందే. మరో దారి లేదు. నెమరువేసే జంతువుల సంగతి వేరు. మేక పొట్టలోని నాలుగు అరల్లో అన్నిటికన్నా పెద్దది రూమెన్. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముంటాయి. మేక నమిలి మింగింది ముందు వాటికే భోజనం. అవి గడ్డిలోని పీచును పులియబెట్టి శక్తినిస్తాయి. దొరికిన నత్రజనితో తమ ఒళ్ళు పెంచుకుంటాయి. తర్వాత అవే పేగుల్లోకి జారి అరిగిపోయి మేకకు మాంసకృత్తులవుతాయి. ఒక రకంగా చూస్తే మేక మనం అనుకున్నంత శాకాహారి కాదు!

ఈ సూక్ష్మజీవులకు పప్పుచెక్కే కావాలన్న పట్టింపు లేదు. యూరియా ఇచ్చినా సరిపెట్టుకుంటాయి. రూమెన్‌లో యూరియా అమ్మోనియాగా విడిపోతుంది. ఆ అమ్మోనియాతోనే అవి మాంసకృత్తులు తయారుచేస్తాయి. జర్మనీకి చెందిన జుంట్జ్ అనే శాస్త్రవేత్త 1891లోనే ఈ ఊహ చేశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో దాణాకు కటకట వచ్చినప్పుడు జర్మన్లు పశువులకు యూరియా పెట్టి చూశారు. ఫిన్లాండ్ శాస్త్రవేత్త విర్టానెన్ (1945 రసాయనశాస్త్ర నోబెల్ ఆయనదే) ఇంకాస్త ముందుకెళ్ళాడు. మాంసకృత్తులన్నవే దాదాపు లేని మేతకు యూరియా, అమ్మోనియం లవణాలు కలిపి ఆవులను పోషించాడు. అవి పాలిచ్చాయి, దూడలనూ ఈనాయి. 1966లో ఆయన ఆ వివరాలు ప్రకటించినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది.

అలాగని యూరియా ఒక్కటీ పెడితే చాలదు. అమ్మోనియాను మాంసకృత్తులుగా మలచాలంటే సూక్ష్మజీవులకు శక్తి కావాలి. అంటే తీపో, పిండో... బెల్లపు మడ్డి, నూకలు, జొన్నలు, తవుడు లాంటివి. ఇటుకలు దింపినంత మాత్రాన గోడ లేవదు కదా, కూలీలకు తిండి కూడా పెట్టాలి. తిండి లేకపోతే ఇటుకలు కుప్పగా పడుంటాయి. ఇక్కడ ఇటుకలంటే అమ్మోనియా. అది కుప్పగా పడి ఉండదు, నేరుగా రక్తంలోకి పోతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఎండాకాలం ఆకలి

మన దగ్గర మేకల మేత ఏడాదంతా ఒకలా ఉండదు. తొలకరి చినుకులు పడగానే చిగురు, లేతగడ్డి. మాఘం దాటితే ఎండుటాకులు, మోళ్ళు, తుమ్మకాయలు. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళకు మించవు. రూమెన్‌లోని సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటే కనీసం ఏడెనిమిది పాళ్ళన్నా ఉండాలి. అంతకు తగ్గితే అవి సన్నగిల్లుతాయి, పీచు అరగదు, పొట్ట ఖాళీ కాదు. పొట్ట నిండుగా కనపడుతూనే మేక చిక్కిపోతుంటుంది. ‘బాగానే తింటోంది కదా, ఇలా ఎండిపోతోందేమిటి’ అని యజమాని తల పట్టుకునేది ఈ రోజుల్లోనే.

చిక్కిపోయిన మేక శరీరం ఓ నిర్ణయం తీసుకుంటుంది. ముందు తన ప్రాణం, తర్వాతే పిల్ల. అండాశయాన్ని మేల్కొలిపే హార్మోన్ల సంకేతాలను మెదడు తగ్గించేస్తుంది. ఎద రాదు. వచ్చినా మూగ ఎద. అరుపు ఉండదు, తోక ఊపదు, ఎవరూ గమనించరు. తొలకరి తర్వాత రెండు మూడు వారాలకు మందలో మేకలన్నీ వరసగా ఎదకు రావడం కాపరులకు తెలిసిన విషయమే. కొత్త చిగురు చేసే పని అది. చెట్టు చిగిర్చిన ఫలమే కొన్ని వారాల తర్వాత మేకలో కనపడుతుంది.

కరవును తట్టుకోవడంలో మేకను మించింది తక్కువే. సినాయ్, నెగెవ్ ఎడారుల్లో బెడూయిన్లు పెంచే నల్లమేకలు రెండు నుంచి నాలుగు రోజులకోసారి నీళ్ళు తాగుతూ బతికేస్తాయి. మేతలో నత్రజని తగ్గితే అవి మూత్రంలో పోవాల్సిన యూరియాను పోనీయకుండా లాలాజలం ద్వారా, రూమెన్ గోడల ద్వారా మళ్ళీ పొట్టలోకి మళ్ళించుకుంటాయి. మన మేకలూ ఈ పని చేస్తాయి. ఈ పొదుపు బతకడానికి సరిపోతుంది. కవలలను మోసి, ఈని, ఆపైన ఇంట్లో వాళ్ళకు కూడా పాలివ్వడానికి మాత్రం సరిపోదు.

ఆరు రోజుల అద్భుతం

సరైన సమయంలో నాలుగు రోజులు మంచి మేత పెడితే ఏమవుతుంది? పశ్చిమ ఆస్ట్రేలియాలో 1970ల్లో గొర్రెల మీద చేసిన ప్రయోగాలు దీనికి జవాబిచ్చాయి. అక్కడ లూపిన్ అనే పప్పుజాతి గింజ పండుతుంది. మాంసకృత్తులు నూటికి ముప్ఫై పాళ్ళ దాకా ఉంటాయి. ఎదకు రావడానికి ముందు ఆరు రోజులపాటు ఆ గింజలు పెడితే చాలు, గొర్రెల్లో విడుదలయ్యే అండాల సంఖ్య పెరిగింది. ఒంటి బరువు మాత్రం పెద్దగా మారలేదు! పొట్టేళ్ళకు కొన్ని వారాలపాటు పెడితే వృషణాల పరిమాణం పెరిగింది, వీర్యమూ పెరిగింది.

మొదట్లో ఘనతంతా మాంసకృత్తులదే అనుకున్నారు. తర్వాత తేలిందేమంటే లూపిన్‌తో శక్తి కూడా దండిగా అందుతోంది. రక్తంలో గ్లూకోజు, ఇన్సులిన్ పెరిగి నేరుగా అండాశయం మీద పనిచేస్తున్నాయి. అంటే నత్రజని, శక్తి జోడెడ్లలాంటివన్నమాట. ఒకదాన్ని విప్పేస్తే రెండోది బండి లాగలేదు.

పాలమేకల విషయానికొస్తే మెక్సికో ఉత్తరాన లగూనా అనే పొడినేల ప్రాంతం ఉంది. అక్కడి మేకలు మన మేకల్లాగే పగలంతా బీళ్ళలో తిరిగి సాయంత్రానికి దొడ్డికి చేరతాయి. పోతులను మందలో వదిలే సమయంలో మేకలకు ఓ వారం రోజులపాటు అదనపు మేత పెట్టి చూశారు అక్కడి పరిశోధకులు. అండాల విడుదల మెరుగుపడింది. ఏడాదంతా మేపాల్సిన పనిలేదు, సమయం తెలిసి మేపితే చాలునన్న మాట నాలుగు మేకల ఇంటికి ఎంత ఊరటో వేరే చెప్పాలా!

మన పశువైద్యులు చెప్పేదీ దాదాపు ఇదే. పోతుతో కట్టించడానికి రెండు మూడు వారాల ముందు నుంచి కట్టించాక మరో రెండు మూడు వారాల దాకా రోజూ పావుకిలో దాణా. అందులో కాస్త వేరుశనగ చెక్క, కాస్త జొన్నలో మొక్కజొన్నలో, కొంచెం తవుడు, చిటికెడు ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం. పత్తి చెక్క చవగ్గా దొరుకుతుంది కానీ పోతుకు అదే పనిగా పెట్టకూడదు. అందులోని గాసిపాల్ అనే పదార్థం వీర్యకణాలను దెబ్బతీస్తుంది. పోతు మీద నింద వేయాలనుకునేవాళ్ళు ముందుగా చూడాల్సింది ఇదన్నమాట.

ఎక్కువైతే...

మంచిదన్నారు కదా అని మరో గుప్పెడు వేస్తే? సరిగ్గా అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. సూక్ష్మజీవులు వాడుకోలేని అమ్మోనియా రక్తంలో కలుస్తుంది. కాలేయం దాన్ని మళ్ళీ యూరియాగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. ఈ పనికి శక్తి ఖర్చవుతుంది. అప్పుడే ఈని, పాలిస్తూ, ఉన్న కొవ్వు కరిగించుకుంటున్న మేకకు అది అదనపు భారం. దాని సంగతి అలా ఉంచితే, రక్తంలో పెరిగిన యూరియా, అమ్మోనియా గర్భాశయంలోకీ చేరతాయి. అక్కడి ద్రవాల ఆమ్లగుణం మారిపోతుంది. నాలుగైదు రోజుల పిండం ఇంకా గోడకు అంటుకోకుండా ఆ ద్రవంలోనే తేలుతూ ఉంటుంది. దానికి అదే ఇల్లు, అదే ఆహారం. ఆ ఇంట్లో గాలి చెడితే తట్టుకోలేదు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో బట్లర్ బృందం 1996లో పాడి ఆవుల మీద ఓ లెక్క తేల్చింది. రక్తంలో యూరియా నత్రజని డెసిలీటరుకు 19 మిల్లీగ్రాములు దాటిన ఆవుల్లో చూలు నిలిచే అవకాశం తగ్గుతోందని. స్కాట్లండ్‌లో అదే దశకంలో గొర్రెలకు యూరియా ఎక్కువగా పెట్టి పిండాలను పరీక్షిస్తే, బతికి ఎదిగేవి తగ్గాయని తేలింది. మేకల్లో ఫలితాలు ఇంత కచ్చితంగా లేవు. కొన్ని ప్రయోగాల్లో మితంగా యూరియా తిన్న మేకలు ఏ ఇబ్బందీ లేకుండా ఎదకొచ్చి చూలు కట్టాయి. యూరియాను తిప్పి వాడుకునే నేర్పు వాటికి కాస్త ఎక్కువ కాబట్టి ఆవు లెక్కను యథాతథంగా మేకకు అంటగట్టలేం. అయినా పిండం గర్భాశయానికి అతుక్కునే ఆ తొలి మూడు వారాల్లో మేతను ఉన్నట్టుండి మార్చడం, యూరియా కొత్తగా మొదలుపెట్టడం తెలివైన పని కాదు.

ఈ నష్టంలోని చిత్రమేమంటే అది కంటికి కనపడదు. గర్భస్రావమైతే నెత్తురు కనపడుతుంది, మనసు చివుక్కుమంటుంది. వారం రోజుల పిండం కరిగిపోతే ఏ గుర్తూ ఉండదు. 21వ రోజున మేక మళ్ళీ అరుస్తుంది, అంతే. అందుకే నింద పోతు మీదికి పోయేది.

పది గ్రాముల లెక్క

ముప్ఫై కిలోల మేక రోజుకు తినే మేత, తేమ తీసేసి చూస్తే, కిలో చిల్లర. యూరియా అందులో నూటికి ఒక పాలు మించకూడదన్నది నిపుణుల మాట. అంటే పది గ్రాములు. అదీ మొదటిరోజే కాదు. చిటికెడుతో మొదలుపెట్టి రెండు మూడు వారాల్లో అక్కడికి చేరాలి. దాణాలో బాగా కలిసిపోవాలి, రోజులో రెండు మూడుసార్లుగా పెట్టాలి. అదే పది పదిహేను గ్రాములు అలవాటు లేని మేక ఆకలి మీద ఒక్కసారిగా తింటే విషం కావచ్చు! మేలు చేసే కొలతా కీడు చేసే కొలతా ఒకటే. తేడా అంతా ఎలా తిన్నదన్న దాంట్లోనే.

అందుకే పల్లెల్లో చేత్తో కలిపి పెట్టడం కన్నా నాకుడు ఇటుకలు మేలు. గుజరాత్‌లోని ఆణంద్‌లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి 1980ల్లో వీటిని ప్రచారంలోకి తెచ్చింది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆర్.ఎ.లెంగ్ ఆలోచనలు దాని వెనక ఉన్నాయి. బెల్లపు మడ్డి, ఖనిజ లవణాలు, ఉప్పు, కాస్త చెక్క, నూటికి పది పదిహేను పాళ్ళ యూరియా కలిపి ఇటుకలా గట్టిగా పోస్తారు. పశువు దాన్ని కొరకలేదు, నాకాల్సిందే. ఆ గట్టిదనమే కొలపాత్ర. నాకినంతలోనే యూరియా, దాంతోపాటే తీపి... రెండూ కలిసి పొట్టలోకి వెళ్తాయి. ఒకటే జాగ్రత్త, ఇటుక మెత్తబడినా, వానకు తడిసి నీళ్ళు గుంటలో నిలిచినా ఆ నీళ్ళు తాగిన మేక దక్కదు. ఆరు నెలల లోపు పిల్లలకు దీన్ని అందనీయకూడదు. వాటి రూమెన్ ఇంకా ఈ పనికి తయారై ఉండదు. లేతగడ్డి పుష్కలంగా ఉన్న వానాకాలంలో దీని అవసరమూ లేదు. ఎండు మేతకే ఇది తోడు.

పొలానికి తెచ్చిన బస్తాలోంచి తీసి వేయడం అన్నిటికన్నా తప్పు. 2015 నుంచి దేశంలో పొలాలకు అమ్మే యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేశారు. అది పైరు కోసం చేసిన ఏర్పాటు. పశువుల మేత కోసం తయారుచేసే యూరియా వేరే ఉంటుంది. ఇక యూరియా చల్లి వచ్చిన బకెట్టును దొడ్లో పెట్టడం, ఖాళీ సంచి మీద మేత పోయడం... మేకలు పోయేది ఎక్కువగా ఇలాంటి చోటే. తిన్న అరగంట, గంటలోపే నోట్లోంచి నురగ, పొట్ట ఉబ్బరం, ఒళ్ళంతా వణుకు, తూలడం. పశువైద్యుడికి కబురు పంపి, ఆయన వచ్చేలోగా మేక మింగగలిగే స్థితిలో ఉంటే అరలీటరు నుంచి లీటరు దాకా వెనిగర్‌ను చల్లటి నీళ్ళతో కలిపి మెల్లగా తాగించాలి. పులుపు అమ్మోనియాను రక్తంలోకి పోకుండా పట్టి ఉంచుతుంది. చల్లదనం యూరియా విడిపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది.

చెట్టు మీది చెక్క

యూరియా అంటేనే భయమేస్తోందా? నత్రజని చెట్ల మీదా ఉంది. అవిసె, సుబాబుల్, గ్లైరిసిడియా, మునగ... వీటి ఆకుల్లో మాంసకృత్తులు దండిగా ఉంటాయి. సుబాబుల్ ఎండుటాకులోనైతే నూటికి ఇరవై పాళ్ళకు పైనే. మేక ఎలాగూ గడ్డి కన్నా ఆకునే ఇష్టపడుతుంది. తల ఎత్తి కొమ్మను అందుకోవడం దాని పుట్టుకతోనే వచ్చిన అలవాటు.

సుబాబుల్‌కీ ఓ మెలిక ఉంది. అందులోని మిమోసిన్ ఎక్కువైతే వెంట్రుకలు రాలతాయి, గొంతు దగ్గర గ్రంథి ఉబ్బుతుంది, ఈతలూ దెబ్బతింటాయి. ఆస్ట్రేలియాలో పశువులు దాంతో నానా అవస్థలూ పడుతుంటే, హవాయి దీవుల్లో మేకలు అదే ఆకును నిక్షేపంగా మేస్తున్నాయి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్తకు అనుమానమొచ్చింది. హవాయి మేక రూమెన్‌లోని ద్రవాన్ని తెచ్చి ఆస్ట్రేలియా పశువుల పొట్టలోకి ఎక్కించారు. సమస్య తీరిపోయింది! ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవికి 1992లో ఆయన పేరే పెట్టారు... సినర్జిస్టిస్ జోన్సియై. మన దగ్గర మాత్రం మొత్తం మేతలో మూడోవంతుకు మించకుండా, మిగతా ఆకులతో కలిపి వేస్తే భయం లేదు.

ఉత్తరప్రదేశ్‌లోని మథుర దగ్గర మఖ్దూం గ్రామంలో 1979లో ఏర్పాటైన కేంద్రీయ మేకల పరిశోధన సంస్థ జమునాపారి, బర్బరి లాంటి పాలమేకల జాతుల మీద పనిచేస్తోంది. ఒక్కో ఈతలో తరచూ రెండేసి పిల్లలను పెట్టే బర్బరికీ, రోజుకు లీటరున్నర పాలిచ్చే జమునాపారికీ మేత సరిపోకపోతే జాతి గొప్పతనమంతా కాగితం మీదే మిగులుతుంది. కడుపులో పిల్ల బరువులో దాదాపు మూడింట రెండొంతులకు పైగా పెరిగేది ఆఖరి ఏడెనిమిది వారాల్లోనే. అప్పుడు పొట్టలో పిల్లలకే చోటు సరిపోదు, మేక ఎక్కువ తినలేదు. కాబట్టి తినే ఆ కాస్తలోనే సత్తువ ఉండాలి. చెక్క, పప్పుల పొట్టు, పచ్చి ఆకు అప్పుడు చేసే మేలు ఈనాక మొదటి రోజు ముర్రుపాలలోనే కనపడుతుంది.

మళ్ళీ ఆ వదినామరదళ్ళ దగ్గరికే వద్దాం. ఈసారి ఆమె తొందరపడలేదనుకుందాం. ఎదకొచ్చిన మేకను ఓసారి వదిలేసి, మూడు వారాలు అవిసె ఆకు, పావుకిలో దాణా పెట్టింది. తర్వాతి ఎదలో అదే పోతు దగ్గరికి తోలుకెళ్ళింది. గోడ మీది క్యాలెండర్లో తేదీ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. ఇరవయ్యో రోజు, ఇరవై ఒకటో రోజు, ఇరవై రెండో రోజు... తెల్లవారుజామునే లేచి దొడ్లోకి తొంగి చూసింది. మేక పడుకుని నెమరేస్తోంది. తోక కదల్లేదు.